అరగని పళ్ళు

ప్రసన్నకుమారి కాలవ మీద మూడో లాకు చేరేసరికి ఎనిమిదీ పది. రామచంద్రపురంలో బయల్దేరింది ఏడింటికి. నాలుగు మైళ్ళకు గంటా పది నిమిషాలు. ఎద్దుబండి కూడా సిగ్గుపడే వేగం.

తప్పు ఆమెది కాదు, సైకిలుది. నాలుగు మైళ్ళలో రెండు మైళ్ళు ఆమె సైకిలెక్కింది, మిగతా రెండు మైళ్ళు సైకిలే ఆమెనెక్కింది. వెనక చక్రం కరకరమంటోంది. కాస్త గట్టిగా తొక్కితే గొలుసు పళ్ళ మీంచి టక్కున ఎగిరి మోకాలు వెళ్ళి హేండిలుకి కొట్టుకుంటోంది. సైకిలు మిషను బడి దొరమ్మగారిది. ఆవిడ ఎండలకు తాళలేక కొడైకెనాల్ కొండకెళ్ళి నెల దాటింది. ఆ నెలా సైకిలు షెడ్డు దాటలేదు. పొద్దున్నే తాసీల్దారుగారి ఉత్తరం వస్తే, ప్రసన్నకుమారి షెడ్డు తాళం తీసి, కొత్త తాటాకు కప్పు వాసనలో తుమ్ముకుంటూ సీటు మీద దుమ్ము దులిపి, టైర్లకు గాలి కొట్టి ఎక్కేసింది. నూనె వేసే తీరిక లేకపోయింది. నెల్లాళ్ళు పస్తున్న బండి ఆ మాత్రం అలగదా అనుకుంది.

లాకు ఇంకా ఫర్లాంగు దూరంలో ఉందనగా దిగింది. వెనక చక్రం నేలకు తగలకుండా సీటు పట్టి పైకెత్తి, ముందు చక్రం మీదే నడిపించుకొచ్చి, లస్కరు గుడిసె వెనక గోడకు ఆనించింది. సైకిళ్ళు పరీక్ష చెయ్యడానికి వచ్చే మనిషి సొంత సైకిలు చేత పళ్ళు కొరికించుకుంటూ రావడం మర్యాద కాదు గదా.

ఉత్తరం దొరమ్మగారి పేర వచ్చింది. సోమవారం చనిపోయిన కాలవ ఓవర్సీరు భీమశంకరంగారి సైకిలు సీలు వేసి మూడో లాకు బంగళాలో ఉంచామనీ, సైకిలు సంగతి తెలిసిన మనిషి తాలూకాలో తమరు తప్ప లేరు గనక పరీక్షించి, శనివారం, అంటే ఇవాళే, పన్నెండు గంటల్లోపు తమ అభిప్రాయం చెప్పాలనీ, చెప్పని పక్షంలో ముద్దాయి సత్తియ్యను ఇన్‌స్పెక్టరుగారు రాజమండ్రి పంపేస్తారనీ సారాంశం. రాజమండ్రి అంటే సెషన్సు కోర్టు. హత్యానేరం మీద సెషన్సు కోర్టంటే ఆ తరవాతిది ఎవరూ ఉత్తరాల్లో రాయరు.

తాసీల్దారుగారికి తెలియనిదేంటంటే, దొరమ్మగారికి సైకిలు తొక్కడమే తెలుసు. విప్పి, కడిగి, ఒక్క మర మిగలకుండా మళ్ళీ బిగించేది ఆవిడ బళ్ళో లెక్కలు చెప్పే ప్రసన్నకుమారి.

బంగళా వరండాలో ఇన్‌స్పెక్టరు జోగారావు పడక్కుర్చీలో ఉన్నాడు. స్తంభం పక్కన బేడీలతో సత్తియ్య. బేడీల గొలుసు రెండో కొస చేత్తో పట్టుకుని ఒక కానిస్టేబులు.

"ఉత్తరం దొరమ్మగారికి గదండీ రాసింది," అన్నాడు జోగారావు లేవకుండానే. "టీచరమ్మగార్ని రమ్మన్నదెవరు?"

"దొరమ్మగారు కొండ మీదున్నారండి. ఉత్తరం ఆవిడకి చేరి, ఆవిడ దిగొచ్చేసరికి మీరు సత్తియ్యకి పెద్దకర్మ కూడా చేయించేస్తారు."

కానిస్టేబులు దగ్గాడు. ఇన్‌స్పెక్టరు దగ్గలేదు. "ఆవిడ రారనే అనుకున్నాను," అన్నాడు. "సరే, వచ్చారు. చూసి వెళ్ళండి. చూడ్డానికి ఏమీ లేదు. సోమవారం పొద్దున్న ఆరింటికి ఓవర్సీరు రామచంద్రపురంలో తన ఇంటి దగ్గర సైకిలెక్కాడు. ఆరున్నరకి ఈ గట్టు మీదికొచ్చాడు. లాకు పక్కన రెండు తాటిచెట్లకి అడ్డంగా వలతాడు కట్టుంది. తాడు తగిలి లాకులో పడ్డాడు. కాలవలు కట్టేసి పది రోజులైంది, లాకులో నీళ్ళెక్కడివి, అడుగున రాయే. తల పగిలింది. తాడు ఇదిగో వీడిది. ఈ లాకులో చేపలు పట్టొద్దని ఓవర్సీరు వీణ్ణి రెండుసార్లు తరిమాడు. ఆరున్నరకి గట్టు కింద ఉన్నదీ వీడొక్కడే. ఇంకేం కావాలి?"

"తాడు నాదేనమ్మా," అన్నాడు సత్తియ్య తలెత్తకుండా. "గట్టు మీద ఆరేసుకున్నాను. తాటిచెట్టుకి ఎవరు కట్టేరో నాకు తెల్దు. గుంటల్లో చేపలకోసం దిగేను. పైకి సూసేసరికి లాకులో ఆయన పడున్నారు. నేనే గదమ్మా కేకేసింది."

"చంపినవాడు కేకెయ్యకూడదని రూలేం లేదు," అన్నాడు జోగారావు.

మెట్ల కింద ఎండలో సత్తియ్య భార్య లోవలక్ష్మి కూర్చుని ఉంది. ఆమె అవతల, ఎండిన కాలవ అడుగున, నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు మిగిలిన బురద గుంటల్లో మట్టగిడసలు తడుముతున్నారు. కాలవ కట్టేసిన పది రోజులూ డెల్టాలో అందరూ చేపలు పట్టే పల్లెవాళ్ళే. లోవలక్ష్మి మాత్రం గుంటలవైపు చూడ్డం లేదు. మొగుడి బేడీలు చూస్తోంది.

ప్రసన్నకుమారి ముందు లస్కరు బుల్లియ్యని పిలిచింది. లాకు తలుపులు తీసి మూసే ముసలాయన. నీళ్ళు లేకపోయినా నడుముకు సర్కారు బిళ్ళ మెరుస్తోంది.

"బుల్లియ్యగారూ, ఓవర్సీరుగారు సోమవారం ఎన్నింటికొచ్చారు?"

"రావడం సూళ్ళేదండి. సత్తియ్య కేకేత్తే పరిగెట్టేను."

"మామూలుగా ఎలా వస్తారు?"

"వంపు కాడ మూడుసార్లు బెల్లు కొడతారండి. అది ఇని నేను తలపాగా సుట్టుకుని, బిళ్ళ తగిలించుకుని నిలబడాలండి. లేపోతే తిడతారండి." ఒక క్షణం ఆగాడు. "తిట్టినా మంచాయనేనండి."

"సోమవారం బెల్లు విన్నారా?"

"లేదండి."

"నిద్రపోయుంటాడు," అన్నాడు జోగారావు.

"ఆయ్. నిద్దర్లో కూడా ఇనపడతాదండి అది. రెండేళ్ళ బట్టీ నా కల్లో మోగేదే అదండి."

"అంతకుముందు రోజు? ఆ ముందు రోజు?"

"ఆ వారమంతా సైకిలు మీద రాలేదండి. చిట్టియ్య బండిలో వచ్చేవారు. సైకిలు ఎనక చక్రం పోయిందంట. సామాను మద్రాసు నుంచి రావాలన్నారు. శనివారం కూడా బండిలోనే వచ్చేరండి. ఎళ్తా ఎళ్తా, సోమవారం తాసీల్దారుగారి కాడికి ఎళ్ళాలి బుల్లియ్యా, ఈ ఉప్పు పడవల సంగతి ఏదో ఒకటి..."

"బుల్లియ్యా." జోగారావు గొంతు పెంచలేదు. "టీచరమ్మగారు చక్రాల గురించి వచ్చారు. ఉప్పు గురించి కాదు."

బుల్లియ్య నోరు లాకు తలుపులా మూసుకుంది. ఉప్పు సర్కారు సొత్తు. పన్ను కట్టని ఉప్పు పడవల్లో పోవాలంటే దారిలో ఎవరో ఒకరు కళ్ళు మూసుకోవాలి. ఎవరో ఆ ముసలాయన చెప్పబోయాడా? ప్రసన్నకుమారి ఆ ప్రశ్న నోట్లోనే ఉంచుకుంది.

"వెనక చక్రం పోయిన సైకిలు సోమవారం ఎలా కదిలిందండి?"

"బాగు చేయించుకున్నాడు."

"ఎవరిచేత?"

"ఎవడో కమ్మరి. కమ్మరి పేరు కూడా ఎఫైఆర్లో రాయమంటారా?"

తొమ్మిదిన్నరకి సీలు విప్పారు. సైకిలుని వరండాలో తలకిందులుగా నిలబెట్టి, వెంట తెచ్చిన పెట్టెలోంచి పానాలూ పాతగుడ్డా తీసింది ప్రసన్నకుమారి. ముందు ఏదీ ముట్టుకోలేదు. చుట్టూ తిరిగింది. పిల్లల పలకలు చూసినట్టు, ఎక్కడ చెరిపారో చూసింది.

ముందు ఫోర్కు నిటారుగా ఉంది. దాని మీద నల్లరంగు ఎక్కడా లేవలేదు. దీపం తగిలించే కొక్కెం కూడా వంగలేదు. హేండిలు ఒక పక్కకి తిరిగింది, అది పై నుంచి రాతి మీద పడ్డ దెబ్బ.

"తాడు ఎక్కడ తగిలిందండి?"

"రొమ్ముకి."

"డాక్టరుగారి కాగితంలో తల వెనక గాయం తప్ప ఇంకేం లేదటగా. తాసీల్దారుగారు రాశారు. సైకిలు మీద ముందుకు పోయే మనిషిని బొటనవేలంత తాడు రొమ్మున ఆపితే, ఒక గీతైనా పడదా?"

"తప్పించుకోబోయి వెల్లకిలా పడ్డాడు."

"అయితే తాడు తగల్లేదు."

"తగిలింది."

"ఏదో ఒకటి చెప్పండి. రెండూ రాసుకోలేను."

కానిస్టేబులు మళ్ళీ దగ్గబోయి, ఈసారి మింగేశాడు.

ఆమె గొలుసు దగ్గరికొచ్చింది. పెడల దగ్గరున్న పెద్ద పళ్ళ చక్రం మీద గొలుసుని రెండు వేళ్ళతో పట్టి ముందుకు లాగింది. పంటికీ గొలుసుకీ మధ్య సందు వచ్చింది. అందులోంచి అవతలి వెలుగు కనిపించింది.

"బుల్లియ్యగారూ, ఇటు రండి. ఇన్‌స్పెక్టరుగారూ, మీరు రాకపోయినా ఫరవాలేదు, అక్కణ్ణించే కనిపిస్తుంది. ఇది సాగిపోయిన గొలుసు. కొత్త గొలుసైతే పంటిని ఇలా వదలదు. రెండేళ్ళు రోజూ గట్ల మీద దుమ్ములో తిరిగి, కీలు కీలునా అరిగి, బారు పెరిగింది. సాగిన గొలుసు పళ్ళ మధ్య పల్లంలో కూర్చోలేదు. పైకి జరిగి కొనల మీద నడుస్తుంది. కొనలు అరిగి కొంకుల్లా వంగుతాయి. ఈ ముందు పళ్ళు చూడండి, కొడవళ్ళు."

"ఆయ్, అచ్చం కొడవలేనండి."

"ఇప్పుడు వెనక చక్రం పళ్ళు చూడండి."

బుల్లియ్య వంగి చూశాడు. అతని వెనకాల జోగారావు కూడా లేచొచ్చాడు. వెనక చక్రానికున్న చిన్న పళ్ళు బియ్యపు గింజల్లా గుండ్రంగా ఉన్నాయి. పల్లాల్లో సన్నటి మెరుపు ఉంది. కొనల మీద రంగు కూడా పోలేదు.

"కొత్తవి వేయించాడు," అన్నాడు జోగారావు. "అంతేగా."

"కొత్తవి కావండి. పల్లాల్లో మెరుపుందిగా, అంటే కొన్నాళ్ళు తిరిగాయి. కానీ సాగని గొలుసుతో తిరిగాయి. ఈ గొలుసుతో నాలుగు మైళ్ళు తొక్కి ఉంటే కొనల మీద గీతలు పడాలి. ఒక్కటీ లేదు. నాలుగు మైళ్ళు కాదు, నాలుగు బారలు కూడా తిరగలేదు. ఇది ఇంకో సైకిలు చక్రం. ఈ సైకిలుకి తగిలించిన తరవాత ఎవరూ దీన్ని తొక్కలేదు."

"ఒక్క గొలుసు చూసి ఇంత చెప్తారా?"

"ఒక్కటే ఎందుకండి." ఆమె ముందు చక్రం ఇరుసు మర వదులు చేసి, గుడ్డ కొసతో లోపల తుడిచింది. గుడ్డ నల్లగా వచ్చింది. వాసన చూసి బుల్లియ్య ముక్కు దగ్గర పెట్టింది.

"కందెనండి," అన్నాడు బుల్లియ్య వెంటనే. "ఆవదంలో గడ్డిమసి. బండి ఇరుసుకి పెట్టేదే."

"సైకిలు ఎవరు తుడిచేవారు?"

"చిట్టియ్యండి, బండి చిట్టియ్య. ఓవర్సీరుగారంటే వాడికి బాగా ఇదండి. సైకిలుకి కూడా కందెన వాడే పెట్టేవోడు."

"బాగానే ఇది," అంది ప్రసన్నకుమారి. "బండి ఇరుసుకి ఇది అమృతం. సైకిలు ఇరుసులో చిన్న ఉక్కు గోళీలు తిరుగుతాయి. వాటికి ఈ మసి ఆకురాయి. ప్రేమగా పెట్టేకొద్దీ నూరేస్తుంది. ఓవర్సీరుగారి వెనక చక్రం పోయింది అందుకే. ఇప్పుడు ఈ వెనక చక్రం చూడండి." గుడ్డ రెండో కొస వెనక ఇరుసు అంచున అద్దింది. పల్చటి, తేనెరంగు నూనె. "కుట్టుమిషను నూనె. ఒకే సైకిలు, ముందు ఆవదం, వెనక మిషను నూనె. అన్నప్రాశన ఒకరింట్లో, అక్షరాభ్యాసం ఇంకొకరింట్లో."

ఆమె గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

"ఓవర్సీరుగారు సోమవారం సైకిలు మీద రాలేదండి. అందుకే బెల్లు మోగలేదు. ఎక్కడో తల వెనక కొట్టి, ఆయన్నీ సైకిల్నీ తెచ్చి లాకులో పడేశారు. అయితే సైకిలు పాడైందని అందరికీ తెలుసు. తిరగని చక్రంతో నాలుగు మైళ్ళు ఎలా వచ్చాడని ఎవరైనా అడుగుతారు. అందుకని తిరిగే చక్రం ఒకటి తగిలించారు. సత్తియ్యకి వలతాడుంది గానీ, ఈ పని చెయ్యడానికి పానా ఎక్కడిది?"

లోవలక్ష్మి మెట్ల మీదికి వచ్చేసింది. కానిస్టేబులు వెళ్ళమనలేదు.

"బాగుంది," అన్నాడు జోగారావు మెల్లగా. "చాలా బాగుంది. ఇంకో సైకిలు చక్రం. ఈ తాలూకాలో సైకిళ్ళెన్ని, టీచరమ్మగారూ?"

"మూడండి." లెక్క అడిగితే ఆలోచించకుండా చెప్పడం ఆమె జబ్బు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, నూనె పోసే బెజ్జం కోసం వెనక ఇరుసు తిప్పుతున్నాయి. "ఓవర్సీరుగారిదొకటి. ద్రాక్షారామంలో ప్లీడరుగారబ్బాయిదొకటి. దానికి మూడు చక్రాలు, జానెడు జానెడు. మూడోది..."

వేలికి మెత్తగా ఏదో తగిలింది.

నూనె బెజ్జానికి ఇత్తడి మూత లేదు. మందుసీసా బిరడా ముక్క గుచ్చి ఉంది. ఊడిపోకుండా దానికి నీలం కుట్టుదారం చుట్టి ఉంది. ఏడు చుట్లు. లెక్కపెట్టక్కర్లేదు. ఆ దారం చుట్టింది తనే, పోయిన క్రిస్మసుకి ఇత్తడి మూత రాలిపోయినప్పుడు.

"మూడోది?" అన్నాడు జోగారావు.

పదీ నలభై. ఆమె బొటనవేలు బిరడా మీద ఉంది. బొటనవేలు అక్కడే ఉంచి, మూడోది గుర్తు రావడం లేదంటే చాలు. ఈ తాలూకాలో దారం చుట్లు చదివేవాళ్ళు ఇంకెవరూ లేరు. కానీ చక్రం ఎవరిదో తేలకపోతే ఆమె చెప్పిందంతా టీచరమ్మ కథ అయి ఊరుకుంటుంది, పన్నెండింటికి సత్తియ్య రాజమండ్రి పోతాడు. తేలితే, షెడ్డు తాళం తన మెళ్ళో ఉంది. హత్యకేసులో పేరు రాసిన టీచరుకి ఆడపిల్లల్ని అప్పగించే మిషను ఏదీ లేదు, దొరమ్మగారు ఎంత మంచివారైనా.

తీసివేతలో పక్క స్థానం నుంచి ఒకటి తెచ్చుకుని, తెచ్చుకున్నట్టు రాయని పిల్లలకి ఆమె మొట్టికాయ వేస్తుంది.

"మూడోది మాదండి," అంది. "ఈ చక్రం మాది. మిషను సైకిలుది. ఈ బిరడా నేనే పెట్టాను."

లోవలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జోగారావు జేబులోంచి పుస్తకం తీశాడు. పొద్దుటినుంచీ ఆ పుస్తకం తియ్యడం అదే మొదలు.

"షెడ్డుకి తాళాలెన్ని?"

"రెండండి."

"ఒకటి?"

"నా దగ్గర."

"రెండోది?"

"దొరమ్మగారి దగ్గర. కొడైకెనాల్లో."

"అయితే చక్రం తీసింది మీరన్నా కావాలి, కొండ మీంచి ఆవిడన్నా దిగాలి." రాసుకుంటూనే నవ్వాడు. "నేను ఒక్క ముద్దాయితో సరిపెట్టుకుందామనుకున్నాను. మీరు రెండోవాళ్ళని మీరే తెచ్చిచ్చారు. పానా పట్టడం తెలిసిన మనిషి తాలూకాలో మీరొక్కరే అని కూడా మీరే అంటిరి."

"నేనన్లేదండి, సత్తియ్యకి పానా లేదన్నాను." అప్పుడే పొద్దుటి తుమ్ములు గుర్తొచ్చాయి. కొత్త తాటాకు. పోయిన శనివారం షెడ్డు పాత కప్పు పీకారు. ఆదివారం పని ఉండదు, ఆకు సగమే కప్పి వెళ్ళారు. ఆదివారం తొమ్మిదింటినుంచి పదకొండింటి వరకూ మిషను కాంపౌండంతా ప్రార్థనకి గుడిలో ఉంది. తాళం తలుపుకి వేసింది తను. కప్పుకి కాదు.

తాటాకు ఎవరి బండిలో వచ్చింది?

"తాళం లేకుండా కూడా షెడ్డులోకి దిగొచ్చండి, పోయిన ఆదివారం కప్పు సగం తీసి ఉంది," అంది. "అదలా ఉంచండి. మా చక్రం ఇక్కడుంటే, మా సైకిలుకి ఇప్పుడున్న వెనక చక్రం ఎవరిది? దాని మీద నేను నాలుగు మైళ్ళు వచ్చాను. చూద్దాం రండి."

అంటుండగానే ఆమెకి దారంతా విన్న చప్పుడు గుర్తొచ్చింది. కరకర. ఎగిరిన గొలుసు. మంచి గొలుసు కొడవలి పళ్ళ మీద పడితే ఎగరక ఏం చేస్తుంది. పొద్దున్నే చచ్చిపోయిన మనిషి చక్రం మీద కూర్చుని, నూనె వెయ్యలేదని తన్ను తాను తిట్టుకుంటూ వచ్చింది.

మంచి చక్రం ఊడదీసి చంకన పెట్టుకుని లస్కరు గుడిసె వెనక్కి నడిచింది. జోగారావు, బుల్లియ్య, లోవలక్ష్మి వెంట వచ్చారు. సత్తియ్య గొలుసు పట్టుకున్న కానిస్టేబులు వరండా దిగలేకపోయాడు.

గుడిసె వెనక ఆమె తన సైకిలు తిరగేసి వెనక చక్రం విప్పింది. పళ్ళు చూసింది. కొడవళ్ళు. బుల్లియ్యకి చూపించింది, అతను తల ఊపాడు. ఆ చక్రాన్ని గోడకు ఆనించి, బిరడా ఉన్న చక్రం బిగించడం మొదలుపెట్టింది. గొలుసు పల్లాల్లోకి పిల్ల అమ్మ ఒళ్ళోకి జారినట్టు జారింది. పెడలు తిప్పితే గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయ్యో, మీకెందుకమ్మా ఈ పని."

ప్రసన్నకుమారి ఉలిక్కిపడింది. రెండు బారల దూరంలో ఎద్దుబండి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియలేదు. ఎడ్ల మెడల్లో గంటలకు గడ్డి కుక్కి ఉంది. ఇరుసు కిర్రుమనలేదు.

"చిట్టియ్యండి," అన్నాడు బుల్లియ్య. "సత్తియ్యని రాజమండ్రి తీసుకెళ్ళడానికి ఈడి బండే. ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి ఊళ్ళోకెళ్ళేడు. తాలూకాలో సప్పుడు సెయ్యని బండి ఈడిదొక్కటేనండి, అంత కందెన పెడతాడు."

చిట్టియ్య బండి దిగి, భుజం మీద తువ్వాలు తీసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మొహంలో నిజంగానే బాధ ఉంది.

"ఇంత ఎండలో మీరు మసి పూసుకోడమేంటమ్మా, కేకేత్తే నేను రానా? ఆ పాత చక్రం ఇటివ్వండి. లోపల గోళీలు పిండైపోయాక అదింక దేనికి పనికొత్తాదమ్మా. బండిలో పడేత్తాను. మీరూ ఎక్కండి, మిషను కాడ దింపేసి ఎళ్తాను."

ఆమె పానా కింద పెట్టలేదు. వెనక ఇరుసు మర చివరి చుట్టు బిగించి, అప్పుడు తలెత్తింది.

"చిట్టియ్యగారూ, ఈ పాత చక్రం ఇందాకటిదాకా నా సైకిలుకున్నది. ఇప్పుడే ఊడదీశాను. ఇరుసు నేనింకా విప్పలేదు. ఫర్లాంగు దూరం నుంచి ఎత్తి పట్టుకొచ్చాను, ఇక్కడెవరూ దాని చప్పుడు కూడా వినలేదు. లోపల గోళీలు పిండైనట్టు మీకెలా తెలిసింది?"

చిట్టియ్య చెయ్యి చక్రానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

గోదావరి మనిషి. ఎండలో ఆడమనిషి పని చేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. ఊరుకునుంటే ఈ కేసు ఏమయ్యేదో.

అతను ఆమె భుజం మీంచి వెనక్కి చూశాడు. మూలమలుపు దగ్గర ఎటు తిప్పాలండీ అని బండిలో కూర్చున్నాయన్ని అడిగేటప్పుడు బండివాడు చూసే చూపు అది.

ఆమె వెనక ఉన్నది జోగారావు ఒక్కడే.

ఆయన చుట్ట వెలిగించుకున్నాడు. అగ్గిపుల్ల ఆర్పి, జాగ్రత్తగా పక్కన పడేశాడు.

"చిట్టియ్యా, ఆ చక్రం బండిలో వెయ్యి," అన్నాడు. "టీచరమ్మగారు కూడా మనతోనే వస్తారు. సైకిలు మీద పంపడమేంటి, ఇంత ఎండలో."

ఆవిడ రారనే అనుకున్నాను. పొద్దున ఆయనన్న మాట ఇప్పుడు ఆమెకి పూర్తిగా వినపడింది. ఉప్పు పడవలకి కళ్ళు మూసుకున్నదెవరో కూడా తెలిసింది. బుల్లియ్య గోడకి అతుక్కుపోయి ఉన్నాడు. వరండాలో కానిస్టేబులుకి ఇక్కడి మాటలు వినపడవు.

పదకొండూ అయిదు. తాసీల్దారుగారు రామచంద్రపురం కచేరీలో పన్నెండు దాకా ఉంటారు.

ప్రసన్నకుమారి గోడకానించిన చక్రం ఎత్తి, చిట్టియ్య చేతికి కాకుండా లోవలక్ష్మి చేతుల్లో పెట్టింది.

"దీంట్లో నీ మొగుడి ప్రాణముంది," అంది. "ఏం జరిగినా నేల మీద పెట్టకు."

లోవలక్ష్మి ఎందుకని అడగలేదు. చక్రం తట్టలా నెత్తిన పెట్టుకుని, లాకు పక్క మెట్ల మీంచి ఎండిన కాలవలోకి దిగింది. నాలుగు అంగల్లో గుంటల దగ్గరుంది. "రత్తమ్మత్తా," అని ఒక్క పిలుపు పిలిచింది. చేపలు తడుముతున్న ఆడవాళ్ళు ఒకరొకరే నడుములు ఎత్తారు. మోకాటి లోతు బురదలో నలభై మంది ఆమె చుట్టూ మూశారు. గట్టు అంచున జోగారావు బూట్లు ఆగిపోయాయి.

ఆయన ఇటు తిరిగేసరికి ప్రసన్నకుమారి సైకిలు మీదుంది.

మొదటి తొక్కుకి భయపడింది. గొలుసు ఎగరలేదు. రెండో తొక్కు, మూడో తొక్కు. బంగళా దాటింది, వంపు దాటింది. బెల్లు కొట్టాలనిపించింది గానీ కొట్టలేదు. గట్టు మూడు బారల వెడల్పు. ఒక పక్క కాలవ, ఒక పక్క రెండు నిలువుల పల్లం. వెనక్కి తిరిగి చూస్తే ముందు చక్రం ఏదో ఒక పక్కకి పోతుంది.

చెవులు రిక్కించింది. కింద టైర్ల కింద దుమ్ము, పైన తన ఊపిరి. వెనక ఏమీ వినపడలేదు.

అందులో ధైర్యం తెచ్చుకోవడానికేమీ లేదు. చిట్టియ్య బండి చప్పుడు చెయ్యదు.